కరపత్రం వెనకవైపు

అమీర్‌పేట మెట్రో మెట్లు దిగి మైత్రీవనం దాకా నడిచేలోపు చేతిలో ఎన్ని కరపత్రాలు పడతాయో ఒక సోమవారం పొద్దున లెక్కపెట్టాను. పదకొండు. జావా, పైథాన్, టెస్టింగ్, డేటా సైన్స్, క్లౌడ్, మళ్లీ జావా, రెండు హాస్టళ్లు, ఒక కర్రీ పాయింట్, రెండు స్పోకెన్ ఇంగ్లిష్. పంచే కుర్రాళ్లకు మనిషి నడకను బట్టే గిరాకీ తెలిసిపోతుంది. భుజాన బ్యాగు, చేతిలో ఫైలు, ముఖంలో బెదురు ఉన్నవాణ్ని ముందు పట్టుకుంటారు. నా నెరిసిన తల చూసి కూడా ఒకడు "డేటా సైన్స్ సార్, డెమో ఫ్రీ" అన్నాడు. ఆ నమ్మకానికి ముచ్చటేసింది.

మామూలుగా ఆ కాగితాల బతుకు యాభై అడుగులు. మలుపు తిరిగేలోపు నేల మీద పడి చెప్పుల కింద నలుగుతుంటాయి. నేను మాత్రం మడతపెట్టకుండా సంచిలో పెట్టుకున్నాను. వాటికి గిరాకీ ఉన్న చోటు నాకు తెలుసు.

మెయిన్ రోడ్డు వదిలి వెనక సందుల్లోకి వెళ్తే, హాస్టళ్ల బాల్కనీల మీద ఆరేసిన జీన్స్ ప్యాంట్ల నీడలో ఉంటుంది ఆ అంగన్‌వాడీ. ఏ సందో చెప్పను. రెండు గదులు. ముందు గది పిల్లలది. వెనక గది పొయ్యిది, బియ్యానిది, బాలామృతం ప్యాకెట్లది. గోడకు అ నుంచి అః దాకా రంగుల చార్టు, దాని పక్కన పండ్ల చార్టు, మూలన బరువు తూచే మిషను. కిటికీ గూట్లో రబ్బరు బ్యాండు వేసిన కరపత్రాల కట్ట. నేనిచ్చిన పదకొండింటినీ టీచర్ అటూ ఇటూ తిప్పి చూసి నాలుగు తిరిగి నా చేతిలో పెట్టింది.

"ఒకదిక్కు అచ్చువడ్డయే తీస్కుంటం సార్. రెండు దిక్కుల అచ్చేసినయి మాకు పనికిరావు."

పిల్లలు బొమ్మలేసేది వాటి వెనకవైపు. అటు తిప్పితే నలభై అయిదు రోజుల్లో కోర్సు, ప్లేస్‌మెంట్ గ్యారంటీ. ఇటు తిప్పితే మూడేళ్ల చెయ్యి గీసిన గజిబిజి గీతలు. మొదటి వైపు సంగతి తెలుగు ఊళ్లన్నిటికీ తెలుసు. సిద్దిపేట నుంచి శ్రీకాకుళం దాకా బీటెక్ పాసైన ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు ఈ సందుల్లో ఆర్నెల్లు గడిపినవాళ్లే. వెనకవైపు సంగతి ఎవరూ అడగరు.

నోటి మీద వేలు

అమీర్‌పేటలో కోర్సులు సినిమాల్లా మారుతుంటాయి. ఒకప్పుడు మెయిన్‌ఫ్రేమ్, ఒరాకిల్. తర్వాత డాట్‌నెట్, శాప్. ఇప్పుడు ఏ బోర్డు చూసినా ఏఐ. మారనిది స్పోకెన్ ఇంగ్లిష్ ఒక్కటే. అలాంటి ఒక క్లాసులో, మూడో అంతస్తులో, వెనక బెంచీ మీద ఓ పూట కూర్చున్నాను. ముప్పై మంది దాకా ఉన్నారు. ట్రైనర్ ఒక్కొక్కరినీ లేపి సెల్ఫ్ ఇంట్రడక్షన్ చెప్పమంటున్నాడు. నా ముందు కుర్రాడి వంతు వచ్చింది. లేచాడు. తన పేరు చెప్పాడు. ఆ తర్వాత ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. "తప్పయినా పర్లేదు, మాట్లాడు" అన్నాడు ట్రైనర్. కుర్రాడు నేల చూశాడు.

కింద టీ కొట్టు దగ్గర అతనే నాతో గలగలా మాట్లాడాడు, తెలుగులో. "గ్రామర్ వచ్చు సార్. నోరు తెరిస్తే తప్పొస్తదేమోనని భయం. చిన్నప్పటి సంది క్లాసుల మాట్లాడిందే లేదు."

ఆ చివరి మాట నన్ను వదల్లేదు. మూడేళ్ల పిల్లను బడిలో వేశాక ఆ పిల్లకు ముందుగా వంటబట్టే పాఠం ఏమిటి? నోటి మీద వేలేసుకోవడం. ఇప్పుడు దాన్ని 'ఫింగర్ ఆన్ యువర్ లిప్స్' అంటున్నారు. భాష మారింది గానీ వేలు అక్కడే ఉంది. ఆ తర్వాత పద్దెనిమిది, ఇరవై ఏళ్లు మాట్లాడకుండా ఉన్నందుకు మార్కులేసి, ఉద్యోగం దగ్గరికొచ్చాక 'నీ గురించి నువ్వు చెప్పుకో' అంటాం. మూడేళ్లప్పుడు ఊరికే మూయించిన నోటిని ఇరవై రెండేళ్లప్పుడు ఫీజు కట్టి తెరిపించుకుంటాం. స్పోకెన్ ఇంగ్లిష్ వ్యాపారానికి అసలు పెట్టుబడి ఈ వేలే అని నా అనుమానం.

అక్షరాస్యత అనగానే మనకు పలక, బలపం గుర్తొస్తాయి. ఇంకా పట్నమైతే నాలుగు గీతల కాపీ బుక్కు. పసిపిల్లలతో పనిచేసేవాళ్లు మాత్రం దాన్ని చెవి దగ్గర, నోటి దగ్గర మొదలుపెడతారు. 'మేక' అనే మాట వెయ్యిసార్లు విని, వందసార్లు అని, మేకను చూసి పారిపోయిన పిల్లకు ఆ రెండక్షరాలూ రేపు పుస్తకంలో పాత చుట్టాల్లా కనపడతాయి. ఆ మాట ఎరగని పిల్లకు అవి రెండు గీతలు. 2020 జాతీయ విద్యావిధానం ఈ సంగతిని లెక్కల్లో చెప్పింది: మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్లలోపే జరిగిపోతుందని. ప్రాథమిక, ప్రాథమికోన్నత తరగతుల్లో ఉండి కూడా చిన్న పాఠం చదవలేని పిల్లలు దేశంలో 5 కోట్లకు పైనే ఉంటారని కూడా ఆ పత్రమే ఒప్పుకుంది. తెలంగాణ సర్కారు 2022 ఆగస్టు 15న ఒకటి నుంచి అయిదు తరగతులకు చదువు, లెక్కల కార్యక్రమం పెట్టి దానికి 'తొలిమెట్టు' అని పేరు పెట్టింది. పేరు బాగుంది. ఆ మెట్టు కింద ఇంకో రెండు మూడు మెట్లున్నాయన్నదే నా పేచీ.

నాలుగు చప్పట్లు

పదింటికల్లా అంగన్‌వాడీలో పద్నాలుగు మంది చేరారు. హాస్టల్లో రొట్టెలు చేసే బిహారు మనిషి కొడుకు. అపార్టుమెంటు వాచ్‌మన్ కూతురు. ఉర్దూ తప్ప మాట్లాడని అన్నాచెల్లెళ్లు. తండా నుంచి కొత్తగా వచ్చిన లంబాడా పిల్ల. మిగతావాళ్లు పాలమూరు, నల్లగొండ, శ్రీకాకుళం. అమీర్‌పేట క్లాసు రూముల్లో ఎన్ని జిల్లాలుంటాయో వెనక సందులో ఈ గదిలోనూ అన్ని ఉన్నాయి.

టీచర్ చాప మీద కూర్చుని పిల్లల పేర్లకు చప్పట్లు కొట్టించింది. పేరును ముక్కలుగా పలకడం, ముక్కకో చప్పట. పేర్లయ్యాక ఊళ్లు. అ, మీర్, పే, ట. నాలుగు. పం, జా, గుట్, ట. ఇవీ నాలుగే. హై, ద, రా, బాద్. మళ్లీ నాలుగు. వాచ్‌మన్ కూతురు ఎవరూ అడక్కుండానే 'మెట్రో' అని రెండు కొట్టింది. ఒకడు 'గుడ్డు' అన్నాడు, వాడి ధ్యాసంతా వెనక గది మీదే ఉంది. నేను లోపల్లోపల కొట్టుకుని చూశాను. అం, గన్, వా, డీ. అదీ నాలుగే.

బయటినుంచి చూసేవాళ్లకు ఇది ఆటవిడుపు. నిజానికి ఆ రోజు పాఠమంతా ఇందులోనే ఉంది. మాటను చెవితో విరవడం వస్తేనే రేపు కంటితో విరవడం వస్తుంది. పైగా తెలుగుకు ఇక్కడొక సుఖం ఉంది. పిల్ల చప్పట కొట్టిన చోటే, కొంచెం అటూ ఇటూగా, మన అక్షరం కూడా విరుగుతుంది. 'పే' ఒక చప్పట, రాస్తే ఒక అక్షరం. ఇంగ్లిషు పిల్లకు ఈ సుఖం లేదు. మనవాళ్లు మాత్రం చెవికి సులువైన దారి వదిలేసి వేళ్లకు కష్టమైన దారిలో నడిపిస్తారు.

పదకొండున్నరకు గుడ్లు. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు రోజుకొకటి, వేడన్నంతో. మూడేళ్లలోపు వాళ్లకు నెలకు 16 గుడ్లు, రెండున్నర కిలోల బాలామృతం ఇంటికి ఇస్తారు. గోధుమలు, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె కలిపిన పొడి అది. గర్భిణులకు, బాలింతలకు 2015 జనవరి నుంచి ఆరోగ్యలక్ష్మి కింద ఒక పూట పూర్తి భోజనం, పాలు, గుడ్డు. చదువుల వ్యాసంలో గుడ్ల లెక్కేమిటని అడగొచ్చు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తెలంగాణలో అయిదేళ్లలోపు పిల్లల్లో నూటికి 33 మంది వయసుకు తగ్గ ఎత్తు లేరని, ఆర్నెల్లు దాటిన పసివాళ్లలో నూటికి 70 మందికి రక్తహీనత ఉందని చెప్పింది. రక్తం లేని పిల్ల చప్పట్లు కొట్టదు. చాప మీద ఓ మూల ఒరిగి కూర్చుంటుంది. అలాంటి పిల్లను 'నెమ్మదస్తురాలు' అని మెచ్చుకునేవాళ్లు కూడా ఉంటారు.

గుడ్డు ఒలుస్తూ టీచర్ అడిగింది. "లోపల ఏమున్నది?"

"తెల్లగున్నది."

"దాని లోపల?"

నాలుగేళ్లవాడు సగం కొరికి, లోపలి పచ్చసొనను ఎదురుగా పెట్టుకుని తేరిపార చూశాడు. "లైటున్నది టీచర్."

ఆమె దిద్దలేదు. "ఎవరేసిన్రు లైటు?" అంది. దాని మీద పావుగంట నడిచింది కచేరీ. కోడి వేసిందని ఒకరు, కరెంటోడని ఒకరు, అల్లా అని ఒకరు. ఆ పావుగంటలో ఆ గదిలో ఎన్ని మాటలు పుట్టాయో లెక్కపెట్టే ఓపిక నాకు లేకపోయింది. మూడో అంతస్తు కుర్రాడు గుర్తొచ్చాడు.

బొక్కల లెక్క

ఆ ముందురోజే ఒక తల్లి పిల్లవాణ్ని మాన్పించింది. కారణం, రాయించడం లేదని. పక్క సందులో ప్లే స్కూలుంది. అక్కడ మూడేళ్లకే ఏ బీ సీ డీలు నోట్సు నిండా రాయిస్తారు, టై కడతారు, హోంవర్క్ ఇస్తారు. తల్లి నాలుగిళ్లలో గిన్నెలు తోముతుంది. అందులో ఒకింటి జీతం అచ్చంగా ఆ ఫీజుకే పోతుంది. ఆమెను తప్పుపట్టడం నాకు చేతకాదు. తను చదవలేని మనిషికి పిల్ల చదువుకు కంటికి కనపడే సాక్ష్యం నిండిన నోట్సు ఒక్కటే. మాటలు కనపడవు కదా.

అయితే చేతి సంగతి కూడా చూడాలి. పంజాగుట్టలో అందరికీ తెలిసిన నిమ్స్ 1960ల్లో నిజాం ట్రస్టు సొమ్ముతో ఎముకల ఆసుపత్రిగా, మన మాటల్లో చెప్పాలంటే బొక్కల దవాఖానగా మొదలైంది. అలాంటి చోట ఎక్స్‌రేలు చూసే ఏ డాక్టరైనా చెప్పే సంగతి ఇది. పెద్దవాళ్ల మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. పుట్టిన బిడ్డ మణికట్టును ఎక్స్‌రే తీస్తే అక్కడ దాదాపు ఖాళీ. అంతా మెత్తటి మృదులాస్థి. అది ఏడాదికి కొంచెం చొప్పున గట్టిపడుతూ వస్తుంది. మూడేళ్లవాడి మణికట్టులో సగం ఎముకలు కూడా తయారై ఉండవు. పిల్లల ఎముకల వయసు కట్టడానికి డాక్టర్లు చెయ్యి ఎక్స్‌రే తీసేది ఇందుకే. ఆ చేతికి పెన్సిలిచ్చి నాలుగు గీతల మధ్య రాయమంటున్నాం. ఆ వయసు చేతికి కావాల్సింది పిండి పిసకడం, బఠాణీలు ఏరడం, బట్టలకు క్లిప్పులు పెట్టడం, నేల మీద పెద్ద సున్నాలు చుట్టడం. ఆ పెద్ద సున్నాలే రేపటి తెలుగు అక్షరాలు. మన లిపిలో నిలువుగీత కంటే గుండ్రమే ఎక్కువ.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఇంగ్లిషు 26తో అయిపోతుంది. మనకు అచ్చులు, హల్లులు అయ్యాక గుణింతాలు, ఆ పైన వత్తులు. అన్నీ కలిస్తే రూపాలు వందల్లోకి పోతాయి. కన్నడ లిపి మన లిపికి తోబుట్టువు. కన్నడ పిల్లలు అక్షరాలు నేర్చుకునే తీరును పరిశోధించిన సొనాలీ నాగ్, ఆ పని నాలుగో తరగతి దాకా సాగుతూనే ఉంటుందని చూపించారు. అంటే మన లిపికి తొందర పనికిరాదు. ఒకటో తరగతి పిల్ల ఇంకా వత్తుల దగ్గర తడబడితే మొద్దు అనే ముందు ఆ వందల రూపాలను గుర్తుచేసుకోవాలి.

పాతవాళ్లకు ఇది తెలిసినట్టే ఉంది. ఓం నమః అంటూ మొదలయ్యేది కాబట్టి తొలి చదువుకు ఓనమాలని పేరొచ్చింది. బాసరలో ఇప్పటికీ పిల్లవాడి చూపుడువేలు పట్టుకుని బియ్యంలో దిద్దిస్తారు. వీధిబడిలో ఇసుకలో దిద్దించేవారు. ఇసుకలో వేలు గరుకును గుర్తుపెట్టుకుంటుంది, తప్పు చెరిపేయడం క్షణం పని, కాగితం ఖర్చు లేదు. 18వ శతాబ్దం చివర మద్రాసు ఎగ్మూరులో అనాథ పిల్లల ఆశ్రమం చూసుకునే ఆండ్రూ బెల్ అనే స్కాట్లండు మతాచార్యుడు ఇక్కడి పిల్లలు ఇసుకలో రాసుకోవడం చూశాడు. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు నేర్పే పద్ధతిని, ఈ ఇసుకనూ కలిపి 1797లో లండన్‌లో పుస్తకం అచ్చువేశాడు. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు మద్రాసు విధానం. ఆ తర్వాత మనకు స్లేటు, కాపీ బుక్కు అటునుంచి దిగుమతి అయ్యాయి.

ఇలాగే మరో పేరు. అమీర్‌పేట, పంజాగుట్టల్లో ప్లే స్కూలు బోర్డుల మీద కాస్త ఫీజు ఎక్కువున్న చోటల్లా మాంటిస్సోరి అని రాసి ఉంటుంది. మరియా మాంటిస్సోరి తొలి బడి తెరిచింది 1907 జనవరి 6న, రోమ్‌లోని సాన్ లొరెంజోలో. అది కూలీలుండే ఇరుకు వాడ. తల్లిదండ్రులు పనికి పోతే మెట్ల మీద గోడలు గీకుతూ తిరిగే పిల్లల కోసం పెట్టిన బడి అది. ఉప్పుకాగితంతో అక్షరాలు కత్తిరించి వేలితో తడమనిచ్చింది. బియ్యానికి, ఇసుకకు ఇటలీ చుట్టమన్నమాట. 1939లో దివ్యజ్ఞాన సమాజం పిలిస్తే మద్రాసు అడయారు వచ్చి, యుద్ధం మూలంగా 1946 దాకా ఈ దేశంలోనే ఉండిపోయి ఎందరో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. బస్తీ పిల్లల కోసం పుట్టిన పేరు బస్తీ పిల్లలకు అందని గేటు మీద బోర్డయింది. బోర్డు పెట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఉప్పుకాగితం కూడా అక్కర్లేదు.

ఒక స్టేషన్ అవతల

అమీర్‌పేట నుంచి మెట్రోలో రాయదుర్గం వైపు ఒక్క స్టేషన్ పోతే మధురానగర్. ఆ చుట్టుపక్కలే, వెంగళరావు నగర్‌లో, మహిళాభివృద్ధి శిశుసంక్షేమ శాఖ కమిషనరేటు. దిక్కులేని పసివాళ్లను పెంచే శిశువిహార్ కూడా అక్కడే. రాష్ట్రంలో 35,700 అంగన్‌వాడీలను నడిపే ఫైళ్లన్నీ మైత్రీవనం నుంచి నడిచిపోయేంత దూరంలో ఉన్నాయని కరపత్రం పంచే కుర్రాడికి తెలియకపోవచ్చు.

అంగన్ అంటే వాకిలి. గుజరాత్ భావనగర్‌లో పిల్లల బడి నడిపిన గిజుభాయి బధేకా దగ్గర పనిచేసిన తారాబాయి మోదక్, తర్వాత మహారాష్ట్ర బోర్డీ, కోస్‌బాడ్ ప్రాంతాల్లో ఆదివాసీ పిల్లలు బడికి రావడం లేదని తెలిసి బడినే వాళ్ల వాకిట్లోకి తీసుకుపోయారు. మన దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలయ్యాక ఊళ్లలో బాల్‌వాడీలకు సర్కారు సొమ్ము అందే దారి పడింది. 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో అంగన్‌వాడీల పథకం ఐసీడీఎస్ మొదలైంది. 2006 డిసెంబరులో సుప్రీంకోర్టు, ఆరేళ్లలోపు పిల్లలు 40 మంది ఉన్న ఏ వాడవాళ్లు అడిగినా మూడు నెలల్లో అంగన్‌వాడీ పెట్టాలంది. అడిగే హక్కుందని వాడలకు చెప్పినవాళ్లు తక్కువ.

పట్నంలో మొదటి శత్రువు అద్దె. మహానగరంలో అంగన్‌వాడీ గదికి కేంద్రం లెక్క ప్రకారం నెలకు 8,000 రూపాయలు. ఈ సందుల్లో నలుగురు పడుకునే హాస్టల్ గదిలో ఒక్క మంచానికే ఆరేడు వేలు పలుకుతుంది. అంటే ముప్పై మంది పిల్లల బడికి దొరికేది మంచానికి కొంచెం ఎక్కువ. 2021లో పెరిగాక టీచరుకు 13,650, ఆయాకు 7,800. వీళ్లు 2023 సెప్టెంబరులో సమ్మెకు దిగినప్పుడు పేపర్లలో చదివే ఉంటారు. అదే ఏడాది అంగన్‌వాడీల్లో తిండితో పాటు చదువూ అంటూ కేంద్రం కార్యక్రమం 'పోషణ్ భీ పఢాయీ భీ' వచ్చింది, 2024లో మూడు నుంచి ఆరేళ్లవాళ్లకు 'ఆధారశిల' పాఠ్యక్రమం వచ్చింది. కాగితం మీద రెండూ ఆటనే నమ్ముకున్నాయి, రాతను కాదు. మంచిదే. టీచర్ మాత్రం ఆ ఉదయం గంటన్నర ఫోన్‌లో పిల్లల వివరాలెక్కించే పోషణ్ ట్రాకర్ యాప్‌తో కుస్తీ పట్టింది. ఆ గంటన్నర పిల్లలతో ఆయా మాట్లాడింది. నిజం చెప్పొద్దూ, ఆయా కథలే బాగున్నాయి.

ఎన్ని మాటలు విన్నది?

1995లో అమెరికాలో బెట్టీ హార్ట్, టాడ్ రిస్లీ అనే ఇద్దరు కాన్సస్ నగరంలో 42 కుటుంబాల ఇళ్లలో మాటలు రికార్డు చేసి ఒక లెక్క వేశారు. నాలుగేళ్లు వచ్చేసరికి బాగా చదువుకున్నవాళ్ల ఇంటి పిల్లకూ పేదింటి పిల్లకూ మధ్య విన్న మాటల్లో 3 కోట్ల తేడా ఉందని. ఆ అంకె ప్రపంచమంతా తిరిగింది. 2018లో డగ్లస్ స్పెరీ, ఆయన సహచరులు మళ్లీ లెక్కపెట్టారు. తల్లి ఒక్కతే కాకుండా అమ్మమ్మ, అన్న, పక్కింటివాళ్లు అనే మాటలు, పిల్ల చుట్టూ నడిచే మాటలు కూడా కలిపితే ఆ తేడా అంత కచ్చితంగా నిలబడలేదు. నాకు ఈ రెండో లెక్క మీదే మనసు. మన బస్తీ వాకిట్లో కూర్చున్న పిల్ల చెవిలో పడే మాటలకు రికార్డరు చాలదు. నల్లా దగ్గర తగాదా, చిట్టీల లెక్క, ఎల్లమ్మ జాతర ముచ్చట్లు, ముసలమ్మ సామెతలు.

ఆ వాకిలి నుంచి సెల్లారు గదికి మారిన పిల్లది వేరే కథ. వాచ్‌మన్ కుటుంబం ఉండేది కార్ల మధ్య ఒక గదిలో. తల్లి ఫ్లాట్లలో పనికి పోతే పిల్ల వెంట పోతుంది. పనింట్లో పిల్ల చప్పుడు చేయకూడదు. చేస్తే పని పోతుంది. కాబట్టి నోటి మీద వేలు, అది లేకపోతే చేతిలో ఫోను. రెండేళ్లలోపు పిల్లలకు తెర అసలు వద్దనీ, నాలుగేళ్ల దాకా రోజుకు గంట దాటొద్దనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఆ తల్లికి ఆ మాట చెప్పడానికి నాకు మొహం చెల్లలేదు. పైన ఫ్లాట్ల పిల్లలదీ అదే సంగతి, ఫోను ఖరీదు వేరు. తేడా ఒక్కటి. పైన ఎవరో ఒకరు పడుకునే ముందు కథ చదువుతారని ఆశ.

కథ అంటే గుర్తొచ్చింది. అమీర్‌పేట జిరాక్సు షాపుల్లో దేశంలో దొరకని నోట్సు దొరుకుతుంది. ఇంటర్వ్యూ ప్రశ్నలు, జవాబులతో సహా. బొమ్మల కథల పుస్తకం కావాలని ఆరు షాపుల్లో అడిగాను. కలరింగ్ బుక్కులు చూపించారు. ఇది ఒకప్పుడు న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు ఉన్న నగరం. మద్రాసు రేడియోలో అన్నయ్య, అక్కయ్యలుగా పిల్లల చేతే మాట్లాడించి, పాడించి, 1945లో 'బాల' పత్రిక పెట్టి, తర్వాత హైదరాబాదుకు మకాం మార్చి నారాయణగూడలో బాలానంద సంఘం నడిపారు. పిల్లల మాటను మైకు ముందు పెట్టినవాళ్లు వాళ్లు. ఇప్పుడు తక్కువ ధరకు తెలుగు బొమ్మల పుస్తకాలు వేసే మంచి పుస్తకం లాంటి ప్రచురణ సంస్థలు ఈ ఊళ్లోనే ఉన్నాయి. గిజుభాయి 'పగటి కల' కూడా తెలుగులో దొరుకుతుంది. ఆ పుస్తకాలు ఈ ఫుట్‌పాత్ దాకా రావడమే మిగిలింది.

మన అంగన్‌వాడీలో ఉన్నవి ఆరు పుస్తకాలు. చాలాచోట్ల పిల్లలు చింపుతారని బీరువాలో పెట్టి తాళం వేస్తారు. ఇక్కడ గోడకు తాడు కట్టి బట్టల క్లిప్పులతో వేలాడదీశారు. అంచులు నమిలి ఉన్నాయి. టీచర్ ఒకటి తీసి చదువుతూ తొందరలో ఒక పేజీ దాటేసింది. అక్షరం రాని బిహారు పిల్లవాడు ఆమె చెయ్యి పట్టుకుని పేజీ వెనక్కి తిప్పాడు. "ఏనుగు రాలే" అన్నాడు.

యాడి

లంబాడా పిల్ల ఇక్కడికి వచ్చి రెండు నెలలు. మొదటి పదిరోజులూ ఒక్కటే ఏడుపు. "యాడి, యాడి" అని. ఎక్కడ అని అడుగుతోందనుకుని ఆయా "ఈడనే ఉన్నది, ఈడనే ఉన్నది" అని ఓదార్చేదట. తెలంగాణలో యాడ అంటే ఎక్కడ. లంబాడా భాషలో యాడి అంటే అమ్మ. ఆ సంగతి పక్క సందులో సామాను మోసే ఒక లంబాడా ఆయన చెప్పేదాకా ఎవరికీ తెలియలేదు. ఆ రోజు నుంచి టీచర్ తన హాజరు పుస్తకం చివరి పేజీలో ఆ పిల్ల మాటలు రాసుకోవడం మొదలుపెట్టింది. అమ్మ యాడి, నాన్న బా, నీళ్లు పాణి. నేను చూసేసరికి ఇరవై మూడు మాటలున్నాయి. పిల్ల తెలుగు ఎన్ని మాటలు నేర్చిందో రాయడానికి ట్రాకర్‌లో గడి లేదు. టీచర్ నేర్చిన వాటికీ లేదు.

ఆ మధ్యాహ్నం కరపత్రాల కట్ట విప్పారు. ఆ పిల్లకు నా సంచిలోంచి వచ్చిన స్పోకెన్ ఇంగ్లిష్ కాగితం పడింది. వెనకవైపు ఎడమ నుంచి కుడికి అలలు అలలుగా అయిదారు వరసలు గీసింది. వాచ్‌మన్ కూతురిలా సూర్యుణ్నీ, ఇంటినీ వేయలేదు. అచ్చంగా రాతే. అక్షరం ఒక్కటీ లేదు, వరస మాత్రం తప్పలేదు.

"ఏం రాసినవ్ బిడ్డా? చదువు."

పిల్ల వేలుపెట్టి ఒక్కో వరస మీద జరుపుతూ చదివింది. సగం ఆ భాష, సగం ఈ భాష. యాడి డ్యూటీకి పోయింది. బస్సెక్కింది. గుడ్డు తిన్న. మళ్లీ వస్తది. టీచర్ ఆ మాటలు కింద చిన్న అక్షరాలతో రాసి, తేదీ వేసి, పిల్ల చేతే మళ్లీ చదివించింది.

నాలుగింటికి తల్లి వచ్చింది. పంజాగుట్టలో ఒక కట్టడం దగ్గర పని. చేతులకు సిమెంటు ఇంకా పూర్తిగా పోలేదు. గడప దగ్గర నిలబడే అడిగింది.

"ఇయ్యాల ఏమన్న రాయించిన్రా టీచర్?"

"రాసింది. సూడు."

తల్లి కాగితం అందుకుంది. గీతలు చూసింది, ఏమీ అనలేదు. తర్వాత తిప్పి అచ్చు వైపు చూసింది. రంగుల్లో ఇంగ్లిషు అక్షరాలు, కోటు వేసుకున్న కుర్రాడి బొమ్మ, ఫోన్ నంబరు. ఈసారి ముఖం వెలిగింది.

"ఇది ఎంత ఫీజు సార్?" అంది నన్ను చూసి.

నేను జవాబు వెతుక్కునేలోపే పిల్ల తల్లి చేతిలోంచి కాగితం లాక్కుని మళ్లీ వెనక్కి తిప్పింది. మొదటి వరస మీద వేలుపెట్టింది.